పాత మస్టాంగ్ 289కి కంపెనీ మ్యానిఫోల్డా, హెడర్లా?

1965, 66 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్‌లో 289 వీ8 (289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిను) ఉన్నవాళ్లు ఎగ్జాస్ట్ పని మొదలుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇంజినులో వేరే ఏదీ మార్చకుండా, రోడ్డు మీద మామూలుగా తిప్పుకునే కారైతే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే కంపెనీ పోత ఇనుప మ్యానిఫోల్డే ఉంచండి. పవర్ పెంచే కామ్‌షాఫ్ట్, నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, రెండు పైపుల ఎగ్జాస్ట్ ముందే వేయించి ఉంటేనే హెడర్లకు (మ్యానిఫోల్డ్ బదులు బిగించే గొట్టాల సెట్టుకు) పెట్టిన డబ్బు పనికొస్తుంది.

ఎందుకో చెప్తాం. ఈ ఇంజిను ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-4-2-6-3-7-8. డ్రైవర్ వైపు (ఈ కారులో ఎడమవైపు) వరసలో 5, 6, 7, 8 ఉంటాయి. 7 పేలాక క్రాంక్ 90 డిగ్రీలు తిరగ్గానే పక్కనున్న 8 పేలుతుంది. కంపెనీ మ్యానిఫోల్డ్‌లో ఆ రెండూ ఒకే గొట్టంలోకి వదులుతాయి. 7 ఇంకా పొగ ఖాళీ చేస్తుండగానే 8 వాల్వు తెరుచుకుని గట్టిగా తోస్తుంది, ఆ తోపు 7కి ఎదురు తగులుతుంది. రెండోవైపు 4, 2 మధ్యా ఇదే గొడవ. హెడర్లలో ఒక్కో సిలిండర్‌కు విడి గొట్టం ఉంటుంది కాబట్టి ఈ ఎదురుతోపు తగ్గుతుంది. కానీ తేడా బాగా తెలిసేది 4,000 ఆర్‌పీఎమ్ పైనే. ఊళ్లో తిరిగే కారు అంతదాకా వెళ్లడమే అరుదు.

మస్టాంగ్‌నే వేగం కోసం మలిచిన 1965 షెల్బీ జీటీ350లో, 289లోనే పవర్ ఎక్కువున్న రకమైన 271 హార్స్‌పవర్ హై-పో ఇంజిను 306కి చేరింది. అందులో ట్రై-వై హెడర్లు (గొట్టాలు రెండేసి చొప్పున కలుస్తూ పోయేవి) ఉన్న మాట నిజమే, కానీ ఇన్‌టేక్ మ్యానిఫోల్డూ కార్బ్యురేటరూ కూడా మార్చారు. 35 హార్స్‌పవరూ హెడర్ల లెక్కలో వేసుకోకండి.

చాలామంది పట్టించుకోని మధ్యదారి ఒకటుంది: హై-పో ఇంజినుకు వచ్చిన పోత ఇనుప మ్యానిఫోల్డ్. లోపలి దారి వెడల్పు, మామూలు 289 హెడ్లకు నేరుగా బిగుస్తుంది, కొత్తగా పోసినవీ దొరుకుతాయి. దానికి సరిపడే హెచ్-పైపు (రెండు ఎగ్జాస్ట్ పైపులనూ కలిపే హెచ్ ఆకారపు పైపు) కూడా కొనాలి, పాతది కుదరదు. మా సలహా అడిగితే ఎక్కువ కార్లకు ఇదే చెప్తాం.

హెడర్లే కావాలంటే ముందు బానెట్ ఎత్తి చోటు చూడండి. రెండు పక్కలా షాక్ టవర్లు (ముందు చక్రాల షాక్‌లు బిగించే దిమ్మలు) ఇంజినుకు దగ్గరగా ఉంటాయి. మాన్యువల్ గేరు కారైతే క్లచ్ పెడల్‌ను క్లచ్‌తో కలిపే జెడ్-బార్, పవర్ స్టీరింగ్ ఉంటే చక్రాలు తిప్పడానికి సాయపడే దాని ర్యామ్, ఇవి రెండూ పొడవాటి హెడర్లకు అడ్డం. కొన్ని హెడర్లకు ర్యామ్‌ను కిందికి దించే బ్రాకెట్ విడిగా కొనాలి. గొట్టాలన్నీ కలిసే కలెక్టర్ నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో, స్పార్క్ ప్లగ్గుకు పానా పడుతుందో అమ్మేవాణ్ణి ముందే అడగండి. రేకు మందం 16 గేజ్ అయినా ఉండాలి, 18 గేజ్ పల్చన. ఇంజినుకు ఆనించి బిగించే ఫ్లాంజ్ 3/8 అంగుళం ఉంటే వంగదు. మామూలు పెయింట్ కొద్దిరోజుల్లోనే కాలిపోతుంది, సిరామిక్ కోటింగ్ తీసుకోండి. వేడిని ఆపే గుడ్డ చుడితే లోపల తేమ నిలిచి, మామూలు స్టీలు తుప్పు పట్టిపోతుంది.

అందరూ మరిచేది చోక్, అంటే ఇంజిను చల్లగా ఉన్నప్పుడు కార్బ్యురేటర్‌లోకి గాలి తగ్గించే మూత. కుడివైపు మ్యానిఫోల్డ్ గుండా వెళ్లే సన్నని గొట్టంలోంచే ఆటోమేటిక్ చోక్‌కు వేడిగాలి వస్తుంది. హెడర్లు పెడితే ఆ వేడి ఉండదు. చోక్ సరిగా తెరుచుకోదు, నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఎలక్ట్రిక్ చోక్ మూత వేసి, పాత వాక్యూమ్ రంధ్రం మూసేయండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే 12 వోల్టుల వైరు ఇవ్వండి. ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ నుంచి మాత్రం తీసుకోకండి, దానికి వచ్చే గులాబీ రంగు రెసిస్టెన్స్ వైరు వోల్టేజీ తగ్గించేస్తుంది.

విప్పేటప్పుడు తొందర వద్దు. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. కదలకపోతే చుట్టూ ఉన్న ఇనుమును వేడిచేసి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా తిప్పండి. తల తెగిపోయి ముక్క బయటికి కనబడుతుంటే దానిమీద నట్టు వెల్డింగ్ పెట్టి తిప్పితే వచ్చేస్తుంది, వెల్డింగ్ వేడే సగం పని చేస్తుంది.

పాత మ్యానిఫోల్డే మళ్లీ బిగిస్తుంటే ముఖాన్ని శుభ్రంచేసి, స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.2 మిల్లీమీటర్ల గేజ్ దూరితే మెషిన్ షాపులో చదును చేయించండి. వంకర ముఖాన్ని బోల్టులతో లాగి బిగిస్తే వేడెక్కాక బోల్టు పట్టే చెవి విరుగుతుంది. ఫ్యాక్టరీలో వీటిని గ్యాస్కెట్ లేకుండానే బిగించారు. ముఖం చదునుగా ఉంటే ఇప్పుడూ అవసరం లేదు. హెడర్లకు మాత్రం గ్యాస్కెట్ తప్పదు. బోల్టులు 3/8-16 సైజు. నడిమి నుంచి చివరలకు, రెండు దఫాలుగా, 15 నుంచి 20 ఫుట్-పౌండ్ల దాకా బిగించండి. హెడర్లయితే ఇంజిను ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక మళ్లీ చూడండి, తప్పకుండా వదులవుతాయి.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని వినిపించి, వేడెక్కాక ఆగిపోతోందంటే అది లీకు. ట్యాపెట్ అనుకుని వాల్వు కవరు విప్పకండి. ఇంజిను ఆపి, చల్లారాక, వెనక పైపులోకి వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి ఊది, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు వచ్చిన చోటే లీకు.

తీసేసిన పాత మ్యానిఫోల్డ్‌ను పాత ఇనుపోళ్లకు ఇవ్వకండి. దానిమీద పోత నంబరు సీ5 అని మొదలైతే ఆ డిజైన్ 1965 నాటిది, సీ6 అయితే 1966. తుడిచి, నూనె రాసి, ఏ వైపుదో చీటీ కట్టి దాచండి. కారు అమ్మేరోజున కొనేవాడు అడిగేది దాన్నే.