చెరువులో చేపల లెక్క తేడా వస్తోందా? ముందు వల కన్ను కొలవండి

సమస్య: నెలలు గడుస్తున్నా సగటు బరువు కదలడం లేదు

"డిసెంబరులో కిలోకి రెండున్నర తూగాయి. జనవరిలో అంతే, ఫిబ్రవరిలోనూ అంతే. చేప ఎదగట్లేదు, ఏం మందు చల్లాలి?" నమూనా వల వేసి చూసుకునే మత్స్య సంఘాల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: మీ వల కన్ను, అంటే అల్లికలో ఒక్కో రంధ్రం, ఎంత? చాలామంది దగ్గర జవాబు ఉండదు. వల ఉంటుంది, కాటా ఉంటుంది, రాసుకునే పుస్తకం ఉంటుంది. కన్ను మాత్రం ఎవరూ కొలిచి ఉండరు.

సాయంత్రం కట్టి పొద్దున తీసే నిలువు వల, అదే గిల్ నెట్, చెరువులో ఉన్న చేపలన్నిటినీ చూపించదు. తన కంటికి సరిపోయే ఒళ్లున్న చేపనే పట్టుకుంటుంది. సన్న చేప కన్నులోంచి దాటిపోతుంది. పెద్ద చేప తల కూడా దూరక వెనక్కి మళ్లుతుంది. మధ్య సైజుదే మొప్పల దగ్గర చిక్కుతుంది. ఒక కంటికి బాగా సరిపోయే పొడవు కన్నా అయిదో వంతు ఎక్కువున్నా, తక్కువున్నా ఆ చేప అరుదుగానే పడుతుంది. లాగి కొలిస్తే మూడు అంగుళాలు వచ్చే కంటికి సుమారు 33 సెంటీమీటర్ల రోహు సరిగ్గా సరిపోతుంది. దాని బరువు 400 గ్రాముల దరిదాపు, అంటే కిలోకి రెండున్నర. మీ పుస్తకంలో మూడు నెలలుగా ఉన్నది చేప బరువు కాదు, వల సైజు.

దీనికి నేను గట్టిగా దెబ్బ తిన్నాను. ఏడాది పొడవునా నీళ్లుండే ఒక ఊరి చెరువులో మేము వరసగా మూడు నెలలు ఒకే వల కట్టాం. 390 గ్రాములు, 410, 400. ఎదుగుదల ఆగిపోయిందని నేనే చెప్పాను. సంఘం వాళ్లు నా మాట నమ్మి తవుడు, నూనె చెక్క కొని వేశారు, సున్నం చల్లారు. చివరికి విసిగిపోయి, సైజు రాని చేప కింద లెక్కగట్టి ముందే బేరం కుదుర్చుకున్నారు. ఏప్రిల్లో నీళ్లు దిగాక లాగుడు వల వేస్తే రోహు ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంది. అవన్నీ మా మూడు అంగుళాల వలకు తల ఆనించి పక్కకు పోయిన చేపలే. బేరం వెనక్కి తీసుకోవడానికి కుదరలేదు. ఆ రోజు గట్టు మీద నిలబడ్డ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే కన్ను కొలవకుండా ఫోన్ చేసేవాళ్ల మీద నాకు కొంచెం కోపం వస్తుంది.

ఏం చెయ్యాలి? వలను తడిపి, పది కన్నులు వరసగా బిగలాగి కొలిచి పదితో భాగించండి. కొన్నప్పుడు దుకాణంలో చెప్పిన సైజును నమ్మొద్దు. కొందరు ముడి నుంచి పక్క ముడికి కొలిచి చెబుతారు, కొందరు కన్ను మొత్తం సాగదీసి చెబుతారు. ఒకరి ఒకటిన్నర అంగుళం ఇంకొకరి మూడు అంగుళాలు. వేళ్లతో కొలిచి చెప్పిన లెక్కయితే ఎవరి వేళ్లన్నది కూడా తేలదు.

తర్వాత రెండు, మూడు, నాలుగు అంగుళాల కన్నున్న వలలు ఒకే పొడవువి తీసుకుని, ఒకే రాత్రి, ఒకే లోతులో కట్టండి. పడ్డ ప్రతి చేప పొడవూ కొలిచి, జాతి వారీగా విడివిడిగా రాయండి. బొచ్చె, రోహు కలిపి సగటు తీస్తే ఏ నెల ఏది ఎక్కువ పడిందో దాన్ని బట్టి సగటు ఆడుతుంది. మూడు వలల్లోనూ సగటు ఆయా కంటి సైజు దగ్గరే ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడొద్దు. చూడాల్సింది ఏ వలలో ఎన్ని పడ్డాయన్నది. డిసెంబరులో మూడంగుళాల వలలో ఎక్కువ పడి, ఫిబ్రవరికి నాలుగంగుళాల దాంట్లో ఎక్కువ పడుతుంటే చేప ఎదుగుతోంది. అప్పటికీ నాలుగంగుళాల వల ఖాళీగానే ఉండి, సన్న కన్ను లాగుడు వలలో కూడా పెద్దవి రాకపోతే అప్పుడు మేత గురించి, నీటి గురించి ఆలోచించండి.

ఇంకో మాట: పొడవు అయిదో వంతు పెరిగితే బరువు దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు అవుతుంది. కాబట్టి కంటి చూపుకు "అంతే ఉంది" అనిపించిన చేపను కూడా స్కేలు మీద పెట్టండి.

సమస్య: చేప పిల్లలు వేలల్లో వేశాం, వలలో గుప్పెడే

మధ్యాహ్నం గట్టు పక్కన పది సార్లు విసురు వల వేసి చేప లేదనడం సరికాదు. తెల్లవారుజామున వెయ్యండి, లోతులోనూ వెయ్యండి. లాగుడు వలయితే అడుగు తాడుకు బరువు సరిపోయిందో లేదో చూడండి. ఎర్రమోసు, బంగారు తీగ అడుగున బురదకు అతుక్కుని తాడు కింద నుంచి జారిపోతాయి. బొచ్చె పై తాడు మీదుగా ఎగిరి దూకుతుంది.

అలా చూసినా లేకపోతే అలుగు దగ్గరకు వెళ్లండి. వానాకాలంలో అలుగు పారినప్పుడు తడిక గానీ జాలీ గానీ ఉందా? లేకపోతే చేప నీటితో పాటే పోయింది. ఉంటే దానికి చెత్త అడ్డుపడకుండా రోజూ తీసెయ్యాలి, లేదంటే కట్టకే ప్రమాదం. వదిలిన పిల్ల సైజు కూడా గుర్తు చేసుకోండి. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పిల్లల్లో 35-40 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 80-100 మిల్లీమీటర్లవీ ఉంటాయి. కొర్రమీను, వాలుగ ఉన్న చెరువులో మొదటి రకం వదిలితే చాలావరకు వాటి కడుపులోకే పోతుంది.

సమస్య: ఎటు చూసినా అరచేతి కన్నా చిన్న చేపే

చాలాసార్లు అది జిలేబీ చేప, అదే తిలాపియా. 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ రకం పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది, కొన్ని నెలల వయసుకే గుడ్లు పెడుతుంది. మేత పంచుకునే నోళ్లు పెరిగి ఏదీ ఎదగదు. అమెరికాలోని చిన్న చెరువుల్లో బ్లూగిల్ అనే చేపది ఇదే పరిస్థితి. దాన్ని తినే లార్జ్‌మౌత్ బాస్ తగ్గితే బ్లూగిల్ గుంపు పొట్టిగానే ఉండిపోతుంది. ఇక్కడ ఆ పని కొర్రమీను చేస్తుంది. జిలేబీని విసురు వలతో వీలైనంత తీసెయ్యండి, కొర్రమీనును పూర్తిగా పట్టెయ్యకండి.

సమస్య: గుర్తు పెట్టి లెక్కగడితే నమ్మలేని సంఖ్య వస్తోంది

పొట్ట కింది రెక్క చివర కొద్దిగా కత్తిరించి వదిలి, మళ్లీ పట్టి లెక్కించే పద్ధతి ఇది. 200 చేపలకు గుర్తు పెట్టారు, తర్వాత 150 పట్టారు, అందులో 12 గుర్తున్నవి. 200ను 150తో గుణించి 12తో భాగిస్తే 2500, చెరువులో సుమారు అన్ని చేపలున్నట్టు. గుర్తున్నవి ఏడు కన్నా తక్కువ పడితే ఆ లెక్క నమ్మొద్దు, ఇంకోసారి వల వెయ్యండి. ఎండలో పట్టి గుర్తు పెడితే కొన్ని చస్తాయి, సంఖ్య ఉన్నదానికన్నా పెద్దగా వస్తుంది. మేత వేసే చోటే పట్టి, మళ్లీ అక్కడే పడితే చిన్నగా వస్తుంది.

ఇక్కడ కూడా కన్ను దెబ్బ తీస్తుంది. విసురు వలతో పట్టిన సన్న చేపలకు గుర్తు పెట్టి, తర్వాత నాలుగంగుళాల నిలువు వల కడితే గుర్తున్నవి పడవు. అప్పుడు వచ్చేది నమ్మలేనంత పెద్ద సంఖ్య. గుర్తు పెట్టిన సైజునే మళ్లీ పట్టండి, ఆ సైజు వరకే లెక్క చెప్పండి.

ఇక మిగిలినవి. దొంగతనం, నీటికుక్కలు, నీటికాకులు ఉంటాయి గానీ చెరువు మొత్తాన్ని ఖాళీ చెయ్యడం అరుదు. ఎర్రమచ్చల జబ్బయితే ఒంటి మీద పుండ్లు కనిపిస్తాయి, ఊహించాల్సిన పని లేదు. తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది ఆక్సిజన్ సమస్య. అది కౌంటింగ్ విషయం కాదు, ఆ రోజు వల వెయ్యకండి.

పుస్తకంలో తేదీ పక్కన ఇంకో గడి గీసి, వల పేరు, కొలిచిన కన్ను, కట్టిన గంటలు రాయండి. ఈ మూడూ లేకుండా రాసిన పాత నెలల సగటులను కొత్తవాటితో పోల్చకండి.