ప్రేమికుల రోజున జంట లేకుండా శ్రీకాకుళంలో భోంచేయడం ఎలా?

ఫిబ్రవరి 14న హోటల్లోకి ఒక్కరే అడుగుపెడితే సర్వర్ మన భుజం మీంచి వెనక్కి చూస్తాడు. ఎవరూ లేరని తేలాక "ఒక్కరేనా? ఇంకెవులైనా వస్తారేటి?" అంటాడు. అది జాలి కాదు. నలుగురు కూర్చునే బల్ల ఒక్కరికి ఇవ్వాలా అన్న లెక్క. ఇది అర్థమైతే సగం బెరుకు పోతుంది. మిగతా సగానికి ఈ ఏర్పాట్లు.

1. ముందు క్యాలెండర్ చూడండి

రథసప్తమి, శివరాత్రి తరచూ ఈ తేదీకి దగ్గర్లోనే పడుతుంటాయి. 2024లో రథసప్తమి 16న వచ్చింది. అరసవల్లి సూర్యుడి గుడికొచ్చిన జనం ఊళ్లోకి దిగాక ఒంటరి బల్ల సంగతి దేవుడెరుగు. 2026లో 14 శనివారం, మర్నాడే శివరాత్రి. అలాంటప్పుడు స్నేహితుల్ని చికెన్ బిర్యానీకి పిలిస్తే ఎంతమంది వస్తారో మీరే లెక్కేసుకోండి.

2. ఒంటరిగా అయితే మధ్యాహ్నమే వెళ్లండి

రాత్రి ఎనిమిదికి జంటలు, కుటుంబాలు, పార్సిళ్ల కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు. అదే మధ్యాహ్నం ఒంటిగంటకి మీల్స్ హోటల్లో చూడండి, సగం మంది ఒంటరివాళ్లే. బ్యాంకు ఉద్యోగి, మెడికల్ రెప్, ఏదో ఆఫీసు పని మీద టెక్కలి నుంచి వచ్చినాయన. ఎదుటి కుర్చీలో ముక్కూమొహం తెలియని మనిషి కూర్చుని పప్పు కలుపుకుంటుంటాడు. అక్కడ మిమ్మల్ని పట్టించుకునేది సాంబారు బకెట్ ఒక్కటే.

ఆడవాళ్లకి ఇంకో చిక్కు. లోపలికి రాగానే "ఫ్యామిలీ సెక్షన్ అటండీ" అని చెయ్యి చూపిస్తారు. ఆ రోజు జంటలన్నీ ఆ మూలే ఉంటాయి. "ఇక్కడే కూర్చుంటానండీ" అని నెమ్మదిగా చెప్పి, గోడకి వీపు పెట్టుకునే కుర్చీ చూసుకోండి.

3. మధ్యలో లేవాల్సొస్తే కంచానికి కాపలా పెట్టండి

ఒకసారి వంజరం వేపుడులో బాగా వేగిన ముక్క చివర్లో తిందామని కంచం అంచున పెట్టుకున్నాను. ఫోన్ మోగింది. చెయ్యి కడుక్కుని బయటికెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేసరికి బల్ల తుడిచేశారు, తడి కూడా ఆరలేదు. వాళ్లనేం అంటాం? ఇద్దరొస్తే ఒకరు లేచినా ఇంకొకరు ఉంటారు. అప్పట్నుంచి కుర్చీ మీద కర్చీఫ్ వేసి, సర్వర్ నా మొహం చూసేదాకా ఆగి, "ఇంకా తినాలి, వస్తున్నా" అని చెప్పి మరీ లేస్తున్నాను.

4. ఇంట్లో ఎవరూ ఒప్పుకోనిది తినండి

పలాస మన జిల్లాలోదే అయినా, జీడిపప్పు కూర ఖరీదని ఇంట్లోవాళ్లు తెప్పించనివ్వరు. ఈ రోజు తెప్పించుకోండి. ఒక్కరికి ఎక్కువే అవుతుంది, మిగిలింది పార్సిల్ కట్టించుకుంటే రాత్రి చపాతీలోకి సరి. హోటల్ మెట్లెక్కడానికి అప్పటికీ మొహమాటమైతే సాయంత్రం బండి దగ్గర మురీ మిక్చర్ (మరమరాలది) కట్టించుకోండి. ఉల్లిపాయ, నిమ్మరసం కాస్త ఎక్కువ వెయ్యమనండి. దానికి బల్లే అక్కర్లేదు.

5. స్నేహితులతో అయితే తెల్లారే బయల్దేరండి

రాత్రి విందు కన్నా పొద్దుటి టిఫిన్ మేలని నా ఓటు. కళింగపట్నం శ్రీకాకుళానికి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి సినిమాల్లోలా నీళ్లలోకి సూర్యుడు దిగడం కనపడదు, పైకి రావడం కనపడుతుంది. సాయంత్రం వెళ్లి నిరాశపడి తిరిగొచ్చిన జంటలు నాకు తెలుసు. ఐదుకి బయల్దేరితే ఆరుకల్లా ఒడ్డున ఉండొచ్చు. ఇడ్లీ, కారప్పొడి, ఫ్లాస్కులో టీ, చేతులు కడుక్కోడానికి వేరే సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. వంశధార సముద్రంలో కలిసే చోట మాత్రం నీళ్లలోకి దిగొద్దు.

డబ్బులు ముందురోజే ఫోన్‌పేలో వేయించేసుకోండి. తిన్నాక "తర్వాత చూద్దాంలే" అన్నవి తర్వాత ఎవరూ చూడరు. జంటలో ఒకరిని వదిలి ఒకరిని పిలవకండి, టిఫిన్ అయ్యేదాకా ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

6. అడిగేవాళ్లకి జవాబు సిద్ధం చేసుకోండి

ఫిన్లాండ్‌లో ఈ తేదీని స్నేహితుల రోజనే పిలుస్తారు. దక్షిణ కొరియాలో అయితే జంట లేనివాళ్లు ఏప్రిల్ 14న కూడి నల్లటి సాస్ కలిపిన నూడుల్స్ తింటారు. మా పక్కింటి పిన్ని "పొద్దున్నే ఎక్కడికే?" అంటే ఈ రెండూ చెప్పాను. కొరియా సంగతి చెవిన పెట్టలేదు గానీ, "కారులో చోటుందేటి?" అని అడిగింది. వచ్చేసారి అల్లం పచ్చడి ఆవిడదే.