ఫ్లోటింగ్ పాయింట్ ప్రోగ్రాములకు జీసీసీ ఫ్లాగ్‌ల ఎంపిక

ముందుగా ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల) లెక్కలున్న ప్రోగ్రామును, జీసీసీ కంపైలర్‌కు వేగం కోసం ఇచ్చే మామూలు ఫ్లాగు (ఆదేశం) -ఓ2తో మాత్రమే కంపైల్ చేసి, వచ్చిన జవాబులను, పట్టిన సమయాన్ని భద్రపరచుకోవాలి. ఆపైన ఒక్కొక్క ఫ్లాగునే చేరుస్తూ ప్రతిసారీ ఆ రెండింటితో పోల్చాలి. నాలుగైదు ఒకేసారి చేరిస్తే, జవాబును మార్చింది ఏదో తెలియదు.

ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో 64 బిట్ ప్రోగ్రాములకు జీసీసీ తనంతట తానే ఎస్‌ఎస్‌ఈ2 అనే ప్రాసెసర్ సూచనలను (ఇన్‌స్ట్రక్షన్లను) వాడుతుంది. 32 బిట్ అయితే సాధారణంగా పాత 387 ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ను వాడుతుంది. దాని రిజిస్టర్లు 80 బిట్‌లవి కనుక, మెమరీలోకి వెళ్లి 64 బిట్‌లకు కుదిరిన విలువ, రిజిస్టర్లో మిగిలిన అదే విలువతో సరిపోకపోవచ్చు. అలా కాకుండా 32 బిట్‌లోనూ ఎస్‌ఎస్‌ఈ2నే వాడించాలంటే -ఎమ్‌ఎస్‌ఎస్‌ఈ2, -ఎమ్‌ఎఫ్‌పీమ్యాథ్=ఎస్‌ఎస్‌ఈ రెండూ ఇవ్వాలి.

-ఎమ్‌ఆర్చ్=నేటివ్ అంటే కంపైల్ చేస్తున్న యంత్రానికి ఉన్న సూచనలన్నీ వాడమని అర్థం. ఆ ఫైలును పాత ప్రాసెసర్‌పై నడిపితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోవచ్చు. పలు యంత్రాలకు పంపేటప్పుడు, జీసీసీ 11 నుంచి ఉన్న -ఎమ్‌ఆర్చ్=ఎక్స్86-64-వీ3 మేలు; ఏవీఎక్స్2 (ఒకేసారి పలు విలువలపై పనిచేసే సూచనలు), ఎఫ్‌ఎమ్‌ఏ రెండూ అందులో ఉంటాయి, 2013 నాటి ఇంటెల్ హాస్వెల్ కోర్ ప్రాసెసర్లకు కూడా అది సరిపోతుంది.

అయితే ఎఫ్‌ఎమ్‌ఏ దగ్గర జాగ్రత్త అవసరం. గుణకారాన్ని, కూడికను కలిపి చివర ఒక్కసారే రౌండ్ చేయడం వల్ల అది సాధారణంగా మరింత కచ్చితమైనదే. కానీ అ×అ − ఇ×ఇ అనే లెక్కలో, రెండూ సమానమైనప్పటికీ, ఒక లబ్ధం రౌండ్ అయి, మరొకటి కాకుండా ఉంటే సున్నాకు బదులు అతి చిన్న రుణ సంఖ్య రావచ్చు. దానికి వర్గమూలం తీస్తే నాన్ (‘సంఖ్య కాదు’ అని తెలిపే విలువ) వస్తుంది. జీసీసీ అడగకుండానే ఇలా కలుపుతుంది కాబట్టి, అలాంటి ఫైళ్లకు -ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ ఇవ్వాలి.

వేగం కోసం లెక్కల నియమాలను సడలించే -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్‌ను మొత్తం ప్రోగ్రాముకు వాడవద్దని గట్టిగా చెబుతాను. నాన్‌లు, అనంతాలు ఉండవని అది కంపైలర్‌కు మాట ఇస్తుంది. దాంతో మనం రాసుకున్న నాన్ పరీక్షలే తొలగిపోవచ్చు. కూడికల క్రమం మారడంతో, రౌండింగ్ లోపాన్ని సరిదిద్దే కాహన్ పద్ధతి కూడా పనికిరాకుండా పోతుంది. ప్రోగ్రాము ఎర్ర్‌నోను (గణిత ఫంక్షన్లలో వచ్చిన తప్పు నమోదయ్యే చోటు), ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్లను (సున్నాతో భాగించడం వంటి వాటికి ప్రాసెసర్ ఇచ్చే సంకేతాలు) పరిశీలించకపోతే, -ఎఫ్‌నో-మ్యాథ్-ఎర్ర్‌నో, -ఎఫ్‌నో-ట్రాపింగ్-మ్యాథ్ చేర్చుకుంటే చాలు. అవి లెక్క విలువలను మార్చవు. పెద్ద శ్రేణిని కూడే లూప్‌కు వెక్టరైజేషన్ (ఒకే సూచనతో పలు విలువలను లెక్కించడం) తప్పనిసరైతే, ఆ ఫంక్షన్‌ను విడి ఫైలులో పెట్టి, కూడికల క్రమం మార్చనిచ్చే -ఎఫ్‌అసోసియేటివ్-మ్యాథ్‌ను, దానికి తోడుగా కావలసిన -ఎఫ్‌నో-సైన్డ్-జీరోస్, -ఎఫ్‌నో-ట్రాపింగ్-మ్యాథ్‌లను ఆ ఒక్క ఫైలుకే ఇవ్వాలి.