మంచినీళ్ళ నూతిలో బ్లీచింగ్ ఎలా కలపాలి

విజయనగరం జిల్లాలో మాది డెబ్బై గడపల ఊరు. కుళాయిలొచ్చాయి, సంతోషమే. కానీ గాలివానకి కరెంటు పోతే ట్యాంకులోకి నీరెక్కదు. అప్పుడు ఊరంతా బిందెలు పట్టుకుని మళ్ళీ కోవెల ముందున్న నూతి దగ్గరికే వస్తుంది. ఒక ఏడాది ఉడుపుల రోజుల్లో మా వీధిలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా చిన్నోడికి రెండు సెలైన్లు ఎక్కించారు. నూతిలో బ్లీచింగ్ వెయ్యలేదా అంటే, వేశారు. సంచీ విప్పి దోసెడు పొడి పైనుంచి చల్లేసి వెళ్ళిపోయారు. ఆ పొడి కాసేపు తెల్లగా తేలి, అడుక్కి దిగి సున్నమై కూర్చుంది. అప్పటినుంచి ఆ పని మా సంఘం ఆడవాళ్ళమే చూసుకుంటున్నాం.

ముందు నీళ్ళెన్నో లెక్క కట్టాలి. చేంతాడుకి రాయి కట్టి అడుగు తగిలేదాకా వదిలి పైకి లాగండి. తాడు ఎంతమేర తడిసిందో అదే నీటి లోతు. నూతి లోపలి వెడల్పు కూడా మీటర్లలో కొలవండి. వెడల్పుని వెడల్పుతో, దాన్ని లోతుతో, వచ్చినదాన్ని 785తో హెచ్చవేస్తే లీటర్లు తేలతాయి. మా నుయ్యి వెడల్పు 3 మీటర్లు, శ్రావణంలో నీరు 4 మీటర్లు. అంటే 28 వేల లీటర్ల పైమాట.

వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ కావాలి. మాకు 70 గ్రాములు. కిరాణా కొట్లో కాటా మీద ఒక్కసారి తూయించి, గాజు గ్లాసులో పోసి, అక్కడికి గోళ్ళరంగుతో గీత పెట్టుకున్నాను. నీరు ఒక మీటరు తగ్గితే పొడి 18 గ్రాములు తగ్గిస్తాం. పొడి మటుకు కొత్తదై ఉండాలి. మూత తీస్తే ఘాటు ముక్కుకి కొట్టాలి. గాలి, చెమ్మ, ఎండ తగిలితే అందులో క్లోరిన్ పోతుంది. గడ్డకట్టిన పాత సంచీ మొహమాటపడకుండా వెనక్కి పంపండి.

ఇక కలపడం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో పొడి వేసి, కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ అట్లపిండిలా ఉండల్లేకుండా కర్రతో కలపండి. తర్వాత బకెట్ ముప్పాతిక వంతు నింపి తిప్పి, పది నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. సున్నం అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. మనకి కావలసింది ఆ తేటే. దాన్ని నెమ్మదిగా ఇంకో బకెట్‌లోకి వంచుకోండి. అడుగు మడ్డి నూతిలో పడిందా, నీళ్ళు కఠినమైపోతాయి. తేట ఉన్న బకెట్‌ని తాడుతో నీళ్ళలోకి దించి, పైకీ కిందకీ, పక్కలకీ బాగా ఆడించండి. అడుగు నీళ్ళదాకా కలవాలి.

కలిపాక గంటసేపు ఎవరూ చేదకూడదు. అందుకే మేం రాత్రి భోజనాలయ్యాక వేస్తాం. ఒకసారి గంటయ్యాక ఆశా అమ్మాయిని పిలిచి క్లోరోస్కోపుతో, అంటే నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో రంగుని బట్టి చూపే పరికరంతో, చూపించుకోండి. మందు చుక్కలు వేస్తే నీరు పసుపు తిరగాలి, లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ కనబడాలి. తిరగకపోతే మోతాదు చాలలేదన్నమాట.

వాసనొస్తోందని మా అత్త మొదట్లో ఆ నీళ్ళు ముట్టేది కాదు. పల్చటి గుడ్డ కట్టి బిందెని రెండు మూడు గంటలు ఉంచి ఇచ్చాను, తాగింది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకీ అలాగే ఇవ్వండి, కసురుకోకండి.

నీరు బురదగా ఉన్నప్పుడు బ్లీచింగ్ సరిగా పనిచెయ్యదు. తేరుకునేదాకా మరిగించి తాగాల్సిందే. ఫ్లోరైడ్ ఉన్న నూతుల్లో బ్లీచింగ్ వేస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నూతికి 15 మీటర్ల లోపు మరుగుదొడ్డి గొయ్యి గానీ పెంటకుప్ప గానీ ఉంటే, ముందు దాన్ని తీయించండి. మేం పెంటకుప్ప జరిపించడానికి ఆ ఇంటాయన్ని నాలుగుసార్లు బతిమాలాం.

వానలు పట్టిన వారాల్లో రోజూ వేస్తాం. వేసినవాళ్ళే నూతి గట్టు మీద తేదీ, వేళ సుద్దతో రాస్తారు. పొద్దున్నే తాడు పట్టుకునే ముందు అందరి చూపూ ఆ రాత మీదికే వెళ్తుంది.