సోషల్ మీడియా పోటీ, పాఠం 4: పది రోజుల ప్రచారం

బహుమతి, నిబంధనలు, గడువు గత పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు పోటీని జనంలోకి తీసుకెళ్లాలి. ఉదాహరణకు చేత్తో చేసిన సబ్బులు అమ్మే వ్యాపారం అనుకుందాం. ముగ్గురు విజేతలకు మూడు నెలలకు సరిపడా సబ్బులు బహుమతి.

ముందు క్యాప్షన్ సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు. కానీ ‘మోర్’ నొక్కకముందు కనిపించేది ఒకటి రెండు వరుసలే. చాలామంది ఆ కాస్త చోటునూ “మా ప్రియమైన కస్టమర్లందరికీ నమస్కారం, మీ ఆదరణతో...” అంటూ వృథా చేస్తారు. దాని బదులు ఇలా రాయండి: “మూడు నెలల సబ్బులు గెలుచుకోండి. మీకు ఏ పరిమళం ఇష్టమో, ఎందుకో కామెంట్‌లో చెప్పండి. గడువు 14, ఆదివారం రాత్రి 9.” ఏమిస్తున్నారు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడూ వచ్చేశాయి. వేరే దేశాలవాళ్లకూ అవకాశం ఉంటే ఏ దేశపు 9 గంటలో కూడా రాయాలి.

ఆ ‘ఎందుకో’ అన్న మాట తీసేయకండి. “అవును అని కామెంట్ పెట్టండి” తరహా పోస్టులను ఫీడ్‌లో కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. కారణం అడిగితే నిజమైన జవాబులు వస్తాయి, అవి నాలుగో రోజున మీకే అక్కరకొస్తాయి. “టైమ్‌లైన్‌లో షేర్ చేస్తేనే అర్హులు”, “స్నేహితులను ట్యాగ్ చేస్తేనే ఎంట్రీ” అనే షరతులైతే ఫేస్‌బుక్ ప్రమోషన్ నిబంధనలకే విరుద్ధం. పోటీకి ఫేస్‌బుక్‌తో ఏ సంబంధమూ లేదని, ఆ సంస్థకు ఏ బాధ్యతా ఉండదని పాల్గొనేవారు ఒప్పుకుంటున్నట్టు మీ నిబంధనల్లో ఉండాలి. పోటీ ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఆ సంస్థ గురించీ ‘సంబంధం లేదు, బాధ్యత లేదు’ అన్న ఈ రెండు మాటలూ తప్పనిసరి. స్టోరీలో షేర్ చేయమనే షరతుకైతే ఇంకో చిక్కుంది. ప్రైవేట్ ఖాతావాళ్లు పెట్టారో లేదో మీరు సరిచూసుకోలేరు.

మొదటి రోజు పోస్టును ప్రొఫైల్ పైన పిన్ చేయండి, నిబంధనల లింకు బయోలో పెట్టండి. స్టోరీ 24 గంటల్లో పోతుంది కాబట్టి ప్రొఫైల్‌లో నిలిచి ఉండేలా హైలైట్‌గా దాచండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. “అందరికీ పంపాం, స్పందన లేదు” అన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

అసలు కష్టం మూడో రోజు నుంచి మొదలవుతుంది. మొదటి హడావిడి చల్లారిపోతుంది, గడువు తొందర ఇంకా పట్టుకోదు. ఇక్కడ అదే పోస్టర్‌ను మళ్లీ మళ్లీ పెట్టడం పెద్ద పొరపాటు. ఒకసారి చూసినవాళ్లు రెండోసారి దాని దగ్గర ఆగరు. రోజుకో కొత్త ముక్క ఇవ్వండి. నాలుగో రోజు, వచ్చిన కామెంట్లలో మంచిదాన్ని రాసినవారి అనుమతితో స్టోరీగా పెట్టండి. ఐదో రోజు బహుమతి డబ్బా సర్దుతున్న 15 సెకన్ల రీల్. ఆరో రోజు “గులాబీయా, నిమ్మగడ్డా?” అని పోల్. ప్రతి కామెంట్‌కూ అదే రోజు జవాబివ్వండి. బహుమతి మీద ఆశతో వచ్చిన మనిషి కస్టమర్‌గా మారేది చాలాసార్లు ఆ జవాబు దగ్గరే.

డబ్బు పెట్టి బూస్ట్ చేయాలనుకుంటే, అంటే పోస్టును ప్రకటనగా మరింతమందికి చూపించాలనుకుంటే, ఈ మధ్య రోజుల్లోనే చేయండి. ముగింపు తేదీని మాత్రం మీరే చూసి పెట్టండి. దాన్ని పట్టించుకోకపోతే పోటీ ముగిశాక కూడా ప్రకటన తిరుగుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు కోపంతో వెళ్లిపోతారు, ఆ ఖర్చూ దండగే.

నకిలీ ఖాతాల విషయంలో కాస్త కూడా అలసత్వం వద్దు. కామెంట్ చేసినవాళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. మోసగాళ్లు మీ ఫొటోనే పెట్టుకుని, పేరులో ఒక చుక్కో అండర్‌స్కోరో చేర్చి, “మీరు గెలిచారు, డెలివరీ ఛార్జీ పంపండి” అని వాళ్లకు మెసేజ్‌లు పెడతారు. నష్టపోయినవాళ్లు తిట్టుకునేది మిమ్మల్నే. అందుకే మొదటి రోజు నుంచే ఈ మాట క్యాప్షన్ చివర ఉండాలి, పిన్ చేసిన కామెంట్‌లోనూ ఉండాలి: “విజేతలను ఈ ఖాతాలోనే ప్రకటిస్తాం. డబ్బు, కార్డు వివరాలు, ఓటీపీ అడగం.” నకిలీ ఖాతా కనబడగానే రిపోర్ట్ చేయండి, దాని స్క్రీన్‌షాట్‌ను స్టోరీలో పెట్టి హెచ్చరించండి.

చివరి 48 గంటలకు స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్ పెట్టండి. దాన్ని నొక్కి రిమైండర్ పెట్టుకున్నవాళ్లకు గడువు వేళ నోటిఫికేషన్ వెళ్తుంది. కాబట్టి స్టిక్కర్‌లో అసలు గడువుకన్నా రెండు గంటల ముందు సమయం పెట్టి, “ఇంకా రెండు గంటలే” అని దానికి పేరు పెట్టండి.

అభ్యాసం: మీ క్యాప్షన్ మొదటి రెండు వరుసలను మూడు రకాలుగా రాయండి. పోటీ సంగతి తెలియని మనిషికి ఒక్కోటీ ఐదు సెకన్లు చూపించి ఫోన్ తీసేసుకోండి. ఏమిస్తున్నారు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అని అడగండి. మూడింటికీ జవాబు వచ్చినదాన్నే వాడండి. ఐదో పాఠంలో విజేతల ఎంపిక, ప్రకటన.