గుంటూరు పచ్చళ్ల వెబ్‌సైట్ డల్లాస్‌లోనూ చకచకా తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

కొత్తావకాయ సీజన్ వచ్చిందంటే గుంటూరు, విజయవాడల నుంచి అమెరికాకు పార్సిళ్లు కడుతూనే ఉంటారు. బ్రాడీపేటలో చిన్న దుకాణం నడిపేవాళ్లు కూడా ఇప్పుడు సొంత వెబ్‌సైట్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఆ సైట్ ఇక్కడ మన ఫోన్లో బాగానే వస్తుంది. డల్లాస్‌లో ఉన్న కస్టమర్‌కి మాత్రం ఫొటోలు కనబడేలోపే విసుగొస్తుంది. సర్వర్ చాలడం లేదేమోనని చాలామంది పెద్ద ప్లాన్ కొనేస్తారు. అది డబ్బు దండగ. సర్వర్ బలం పెంచినంత మాత్రాన దూరం తగ్గదు.

లెక్క చూడండి. సర్వర్ ముంబైలో ఉందనుకుందాం. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై నుంచి డల్లాస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. అంటే పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు కావాలి. కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి 200 దాటుతుంది. సైట్ కొత్తగా తెరిచినప్పుడు కనెక్షన్ కలవడానికి ఒక రాకపోక, ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని రహస్యంగా మార్చడం) కుదరడానికి కనీసం ఇంకొకటి, పేజీ అడిగి తెచ్చుకోవడానికి మరొకటి. తెర మీద ఒక్క అక్షరం పడకముందే అర సెకనుకు పైగా గడిచిపోతుంది.

ఈ దూరాన్ని తగ్గించేదే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, పొట్టిగా సీడీఎన్. 1998లో ఎంఐటీకి చెందిన టామ్ లైటన్, డేనియల్ లెవిన్ మొదలుపెట్టిన అకమై ఈ రంగంలో తొలి కంపెనీల్లో ఒకటి. ఇప్పుడు క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్, ఫాస్ట్లీ కూడా ఉన్నాయి. వీళ్లకు ఊరూరా సర్వర్లు ఉంటాయి. మీ ఫొటోల కాపీలు వాటిలో ఉంచి, కస్టమర్‌కి దగ్గర్లోని చోటు నుంచి పంపిస్తారు. క్లౌడ్‌ఫ్లేర్‌కి డల్లాస్‌లోనూ, మనకు దగ్గరగా హైదరాబాద్, చెన్నైలలోనూ అలాంటి చోట్లు ఉన్నాయి. ఉచిత ప్లాన్ ఉంది కాబట్టి చిన్న దుకాణానికి దాంతోనే మొదలుపెట్టమంటాను.

ముందు ఫొటోల బరువు దించండి

కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిసేబుల్ క్యాష్’ (దాచుకున్న పాత కాపీలు వాడొద్దని చెప్పే గడి) టిక్ పెట్టి పేజీని రీలోడ్ చేయండి. ఏ ఫైలు ఎంత బరువుందో, ఎంతసేపు పట్టిందో వరుసగా కనబడుతుంది. ఫోన్లో తీసిన జాడీ ఫొటో అలాగే ఎక్కిస్తే ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు 200 కేబీ లోపే సరిపోతుంది. అమెరికాలో ఉన్న బంధువుల చేత కూడా ఇదే చేయించి స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

డొమైన్‌ని సీడీఎన్‌కి కలపండి

క్లౌడ్‌ఫ్లేర్‌లో ఖాతా తెరిచి డొమైన్ పేరు, అంటే మీ సైట్ అడ్రసు, ఇస్తే పాత డీఎన్‌ఎస్ రికార్డులను (ఆ పేరు ఏ సర్వర్‌కి చేరాలో చెప్పే వివరాలను) అదే వెతికి తెస్తుంది. వాటిలో ఈమెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్ రికార్డు ఉందో లేదో మీ కళ్లతో చూడండి, అది తప్పిపోతే మెయిల్ ఆగిపోతుంది. తర్వాత డొమైన్ కొన్నచోట లాగిన్ అయి, క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చిన రెండు నేమ్‌సర్వర్లు (ఆ రికార్డులను ఉంచే సర్వర్ల పేర్లు) పెట్టండి. మార్పు అంతటా పారడానికి ఒక రోజు పట్టొచ్చు, కాబట్టి ఆర్డర్ల హడావుడిలో ఈ పని పెట్టుకోవద్దు. ఎన్‌క్రిప్షన్‌కి సంబంధించిన ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగ్‌లో ‘ఫుల్ స్ట్రిక్ట్’ ఎంచుకోండి. ‘ఫ్లెక్సిబుల్’ పెడితే సీడీఎన్‌కీ మీ సర్వర్‌కీ మధ్య సమాచారం రహస్యంగా ఉండదు.

ఏది దాచాలో, ఏది దాచకూడదో తేల్చుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. దాచడమంటే సీడీఎన్‌లోనో, కస్టమర్ బ్రౌజర్‌లోనో కాపీ ఉంచుకోవడం, దీన్నే క్యాష్ అంటారు. సీడీఎన్‌ని ఆన్ చేసేసి వదిలేస్తే సగం లాభమే.

ఫొటోలు, లోగో, ఫాంట్లు రోజూ మారవు. వాటికి క్యాష్ కంట్రోల్ హెడర్‌లో (ఫైలుతో పాటు సర్వర్ పంపే సూచనలో) మ్యాక్స్-ఏజ్ 31536000 అని పెట్టండి. అన్ని సెకన్లంటే ఒక ఏడాది. ఫొటో మార్చినప్పుడు పాత పేరు మీదే ఎక్కించొద్దు. పేరు చివర ‘వి2’ అని తగిలిస్తే అందరికీ కొత్తదే వెళుతుంది.

హోమ్ పేజీ, సరుకుల పేజీల్లాంటి హెచ్‌టీఎంఎల్ పేజీలను క్లౌడ్‌ఫ్లేర్ దానంతటది దాచదు. మీరే క్యాష్ రూల్ రాసి వాటినీ దాచమనొచ్చు, ఎంతసేపన్నది మీ సర్వర్ పంపే హెడర్‌లో ఒక పది నిమిషాలని పెట్టుకోవచ్చు. గోంగూర అయిపోయినా ఆ పది నిమిషాలు ‘ఉంది’ అనే చూపిస్తుంది. అందుకే ధర, స్టాక్ రెండూ కార్ట్ దగ్గర అసలు సర్వర్‌ని అడిగి సరిచూసుకునేలా ఉండాలి.

కార్ట్, చెల్లింపు, ‘నా ఖాతా’ పేజీలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాచకూడదు. వాటికి ‘ప్రైవేట్, నో-స్టోర్’ పెట్టండి. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ అనే గేముల దుకాణంలో క్యాష్ అమరిక తప్పి, ఒకరి ఖాతా వివరాలు ఇంకొకరికి కనిపించాయి. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టింది. మీ కస్టమర్ అడ్రసు, ఫోన్ నంబరు మీ దగ్గర నమ్మకంతో పెట్టినవి.

అన్నీ పెట్టాక ఆ నెట్‌వర్క్ ట్యాబ్‌లోనే ఒక ఫొటో హెడర్లు తెరిచి ‘సీఎఫ్-క్యాష్-స్టేటస్’ చూడండి. మొదటిసారి మిస్ (సీడీఎన్‌లో కాపీ లేదు), రీలోడ్ చేస్తే హిట్ (కాపీ దొరికింది) రావాలి. కార్ట్ పేజీలో ఎన్నిసార్లు చూసినా హిట్ రాకూడదు.

రద్దీని పంచండి

సీడీఎన్ ఒకే ఐపీ అడ్రస్‌ని (ఇంటర్నెట్‌లో సర్వర్‌కి ఉండే నంబరు) అనేక ఊళ్ల నుంచి ప్రకటిస్తుంది. దీన్ని ఎనీకాస్ట్ అంటారు. ఇంటర్నెట్ రూటర్లు తమకు దగ్గరి దారిని పట్టుకుంటాయి కాబట్టి డల్లాస్ జనం ఒకచోటికి, విజయవాడ జనం మరోచోటికి వాటంతటవే విడిపోతారు. ఫొటోల బరువంతా అక్కడే తీరిపోయి, మీ సర్వర్‌కి ఆర్డర్ల పని మాత్రమే మిగులుతుంది. చాలా దుకాణాలకు ఇంతే చాలు.

ఆర్డర్లే ఒక సర్వర్‌కి ఎక్కువైతే రెండోది పెట్టి లోడ్ బ్యాలెన్సర్ తీసుకోవాలి. క్లౌడ్‌ఫ్లేర్‌లో దీనికి విడిగా డబ్బు కట్టాలి. దసరాకి ఇంద్రకీలాద్రి మీద ఏ క్యూలైను ఖాళీగా ఉంటే అటు పంపినట్టు, ఇది వచ్చిన వాళ్లను ఏ సర్వర్ ఖాళీగా ఉంటే అటు మళ్లిస్తుంది. ఒకటి పడిపోతే హెల్త్ చెక్‌లో (సర్వర్ పనిచేస్తోందా అని తరచూ చూసే పరీక్ష) పసిగట్టి అందరినీ రెండోదానికి పంపుతుంది. హెల్త్ చెక్ కోసం ఇచ్చే పేజీ, ఆర్డర్లు, స్టాక్ వివరాలు ఉండే డేటాబేస్‌ని కూడా ఒకసారి అడిగేలా రాయించండి. లేకపోతే డేటాబేస్ ఆగిపోయినా ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది. కార్ట్ వివరాలు ఏదో ఒక సర్వర్‌లో కాకుండా రెండూ చూడగలిగే డేటాబేస్‌లో ఉండాలి.

సీజన్‌కి ముందే, ఆర్డర్లు పల్చగా ఉండే వేళ చూసి కార్ట్‌లో అరకిలో ఆవకాయ వేయండి. అప్పుడు ఒక సర్వర్‌ని ఆపించి, చెల్లింపు దాకా వెళ్లగలుగుతున్నారేమో చూడండి. కార్ట్ ఖాళీ అయిపోయిందంటే ఆ వివరాలు ఇంకా ఒక్క సర్వర్‌లోనే ఉన్నాయన్నమాట, సైట్ చేసినవాళ్లకు అదే చెప్పి సరిచేయించండి.