వేర్వేరు మతాల వాళ్లు కలిసి యాత్రకు వెళ్లే ముందు

ముందు ప్రవేశ నియమాలు చూడండి. మక్కాలోకి ముస్లింలు కానివారిని రానివ్వరు, పూరీ జగన్నాథుని గుడిలోకి హిందువులనే అనుమతిస్తారు. టికెట్లు కొన్నాక తెలిస్తే డబ్బు పోవడం అటుంచి, తోటివారిలో ఒకరు బయటే నిలబడిపోవాలి. ఆ బాధ మిగతా యాత్రంతా వెంటాడుతుంది.

వారం చూసుకోండి. జెరూసలేంలో అల్-అక్సా మసీదు ప్రాంగణంలోకి ముస్లిమేతర సందర్శకులను శుక్ర, శనివారాల్లో పంపరు.

ఎవరి ప్రార్థనలో ఎంతవరకు పాల్గొంటారో ముందే మాట్లాడుకోండి. కేథలిక్ చర్చిలో దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) సాధారణంగా కేథలిక్కులకే ఇస్తారు. తెలియక వరుసలో నిలబడితే వారికీ, ఇచ్చే ఫాదర్‌కీ ఇబ్బంది. పక్కన మౌనంగా కూర్చోవడమూ గౌరవమే. నిజానికి చాలామందికి ఆ కూర్చోవడమే ఎక్కువ నేర్పుతుంది.

తల కప్పుకునే గుడ్డ అందరి బ్యాగులో ఉండాలి. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో ఆడా మగా అందరికీ తప్పనిసరి.

ఉపవాసాలు, తిండి పట్టింపులు బుకింగ్‌కు ముందే అడగండి.